నలభై మూడు యాప్‌లూ, ఒక ఎర్ర డైరీ

నా దావా పిలుపుకి రావడానికి ఇంకా గంటన్నర పైనే ఉంది. గట్టు తగాదా, పదకొండో ఏడు నడుస్తోంది. ఇన్నేళ్ళలో బార్ అసోసియేషన్ గదిలో ఏ కుర్చీ కాలు ఊగుతుందో, ఏ ఫ్యాను చప్పుడు చేస్తుందో కూడా నాకు తెలిసిపోయింది. ఆ రోజు ఊగని కుర్చీ దొరికింది. ఎదురుగా మా లాయరు గారూ, ఆయన జూనియరూ. మధ్యలో రెండు ట్యాబులు, మూడు టీ గ్లాసులు, నా కేసు కట్ట.

సీనియరు గారికి అరవై మూడు. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన కూతురు ఐప్యాడ్ ఒకటి చేతిలో పెట్టి వెళ్ళింది. అప్పట్నుంచి ఆయనకి యాప్‌ల పిచ్చి పట్టుకుంది. జూనియరుకి ఇరవై తొమ్మిది. వాయిదాల మీద కొనుక్కున్న శాంసంగ్ ట్యాబు ఆమెది. ఇలాంటి చోట పెద్దాయన వద్దంటారనీ, అమ్మాయి కావాలంటుందనీ అనుకుంటాం కదా. ఇక్కడ అదే తిరగబడింది.

సీనియర్: పొద్దున్నే నీకు వాట్సాప్‌లో ఒక లిస్టు పెట్టాను, చూశావా అమ్మాయ్? ఇరవై రెండు యాప్‌లు. ప్లీడరన్నవాడికి అవి లేకపోతే చెయ్యి విరిగినట్టే.

జూనియర్: చూశాను సార్. నా దాంట్లో పనికని పెట్టుకున్నవి నాలుగే. చెయ్యి బాగానే ఆడుతోంది.

సీనియర్: నాలుగా! నాకు నలభై మూడున్నాయి.

జూనియర్: ఒకసారి ఇటివ్వండి. సెట్టింగ్స్‌లో స్టోరేజీ నొక్కితే ప్రతి యాప్ కిందా చివరిసారి ఎప్పుడు తెరిచారో తేదీ ఉంటుంది. చదవనా?

సీనియర్: ఇది క్రాస్ ఎగ్జామినేషనా?

జూనియర్: రికార్డులో ఉన్నదే అడుగుతున్నాను సార్. ఆలోచనలు చెట్టుకొమ్మల్లా గీసే యాప్, ఫిబ్రవరి 3. ఇరవై అయిదు నిమిషాలకోసారి గంట కొట్టే యాప్, అదే రోజు. అలవాట్లు రాసుకునేది, ఫిబ్రవరి 4. చేయాల్సిన పనుల చిట్టా యాప్‌లు మూడున్నాయి, రెండు ఫిబ్రవరి, ఒకటి అసలు తెరవనే లేదు. ఈ నెలలో తెరిచినవి మొత్తం ఏడు. అందులో రెండు న్యూస్ పేపర్లు, ఒకటి యూట్యూబు.

సీనియర్: యూట్యూబు నా సొంత వ్యవహారం. ఇర్రెలవెంట్.

జూనియర్: సరే, కొట్టేశాను. పేపర్లూ తీసేస్తే ఇక నాలుగు మిగిలాయి.

సీనియర్: అయితే ఏంటమ్మా? సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమూ? పది కొట్టి చూస్తేనే ఒకటి ఖంగుమంటుంది.

జూనియర్: కొట్టి చూసి అక్కడే పెట్టేస్తాం సార్. పదీ ఇంటికి తెచ్చుకోం.

ఈ దెబ్బకి ఆయన టీ గ్లాసు అందుకున్నారు. కానీ మా లాయరు గారు అంత తేలిగ్గా వదిలే మనిషయితే నా కేసు పదకొండేళ్ళు నడిచేది కాదు.

సీనియర్: నీకు ఇరవై తొమ్మిదేళ్ళ కళ్ళు. నాకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది క్యూలో ఉంది. కనబడిందల్లా నొక్కి చూశాను కాబట్టే తెర రెండు ముక్కలు చేయొచ్చని తెలిసింది. ఎడమ పక్క ప్లెయింటు, కుడి పక్క నా నోట్సు. నలభై ఏళ్ళు ఒక పేజీలో ఒక వేలు, ఇంకో పేజీలో ఇంకో వేలు పెట్టి చదివాను. అలా నొక్కుతుంటేనే ఇంకోటీ తెలిసింది. కొన్ని యాప్‌లు ట్యాబుని అడ్డంగా తిప్పినా తిరగవు, నిలువుగానే ఉంటాయి. పక్కన రెండో కిటికీ తెరవనివ్వవు. ఫోను కొలతకి కుట్టిన చొక్కా ట్యాబుకి తొడిగారన్నమాట. నీ నాలుగింట్లో ఎన్ని తిరుగుతాయో చూసుకున్నావా?

ఆమె తన ట్యాబు అడ్డంగా తిప్పింది. మూడు తిరిగాయి. నాలుగోది మొండికేసి, పక్కకి పడుకున్న మనిషిలా ఉండిపోయింది.

జూనియర్: ఇది ఒప్పుకుంటున్నాను. నేను ఫోనులో అలవాటైనదాన్నే తెచ్చి ఇందులో పెట్టుకున్నాను. ట్యాబు అనేదే చూసుకోలేదు.

సీనియర్: రాసుకో. ప్రతివాది అంగీకరించినది.

జూనియర్: అయినా నా వాదన అది కాదు సార్. యాప్‌ల లిస్టుతో మొదలుపెడితే చివరికి లిస్టే మిగులుతుంది. మనం రోజంతా చేసే పనేంటి? కాగితాలు చదవడం, వాయిదా గుర్తుంచుకోవడం, డ్రాఫ్టు రాయడం, అవతలి వాళ్ళకి పంపడం. ఇందులో మొదటిదానికే ట్యాబు అసలైన సాయం. మాస్టారి కట్ట చూడండి, 340 పేజీలు.

నేను తల ఊపాను. నేను రిటైరైన స్కూలు మాస్టర్ని. ఆ 340లో నలభై పేజీల దాకా నేను సొంత దస్తూరీతో రాసిచ్చినవేనని చెప్పబోయాను. ‘మాస్టారూ, ఒక్క నిమిషం’ అన్నారు సీనియరు గారు.

జూనియర్: దీన్ని స్కాన్ చేయించి పీడీఎఫ్‌గా పెట్టాను. ఏ రీడరులో చదవాలనేది తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఎ-1 నుంచి ఎ-14 దాకా, బి-1 నుంచి బి-9 దాకా ఒక్కో ఎగ్జిబిట్‌కీ గుర్తు పెట్టుకుని నొక్కగానే అక్కడికి దూకాలి. అది చాలావాటిలో కుదిరింది. వెతుకుడు దగ్గరే తేడా. స్కాన్ చేసిన పేజీ అంటే ఫోటోయే కదా సార్, అందులో అక్షరం ఉందని దానికి తెలీదు. ఫోటోలోంచి అక్షరాలు గుర్తుపట్టించాక ఇంగ్లీషు టైపు బాగానే దొరుకుతుంది, అచ్చు తెలుగు చాలావరకు దొరుకుతుంది. 1962 నాటి చేతిరాత దస్తావేజు మాత్రం దానికి కొరుకుడు పడదు.

సీనియర్: మనుషులకే కొరుకుడు పడదు.

జూనియర్: ఆ తర్వాతదే నేను ముఖ్యం అనుకున్నది. ఒక పేజీలో పసుపు గీత గీశాను, పక్కన నాలుగు మాటలు రాశాను, ఆ ఫైలు మన గుమాస్తాగారి కంప్యూటరుకి పంపాను. మూడు యాప్‌లతో అదే చేశాను. రెండింటి గీత అక్కడ కనబడింది. మూడోదాని గీత ఆ యాప్‌లోనే ఉంది, బయట పేజీ తెల్లగా ఉంది. పీడీఎఫ్‌కి 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం గీస్తే ఏ రీడరులోనైనా కనబడాలి. తన గీతని తన దగ్గరే దాచుకునే యాప్ నాకెందుకు? ఆ రోజే తీసేశాను.

సీనియర్: అనుమానం పక్షివి.

జూనియర్: మీ దగ్గరే నేర్చుకున్నాను సార్.

సీనియర్: మరి బెంచి మీద నుంచి ‘పేజ్ 47’ అంటే నీ ట్యాబులో 47 కొడితే ఏమొస్తుంది? కవరూ, ఇండెక్సూ కలిపి ముందు నాలుగు పేజీలున్నాయి.

జూనియర్: 51 కొడతాను. నాలుగు కలపడం అలవాటైపోయింది.

సీనియర్: ఆ మాట లిస్టులో ఎవడూ చెప్పడు! అయినా కాగితాలు చదవడానికే ట్యాబు అసలైన సాయం అంటావు, ఆ రోజు హాల్లో నేను పడ్డ అవస్థ చూశావుగా.

ఆ అవస్థ నేనూ చూశాను. మా కేసు కంటే ముందు కేసు. సీనియరు గారు సాక్షిని నిలబెట్టి, ‘ఈ బి-4 మీద సంతకం నీదేనా’ అని ఐప్యాడ్ మీద వేలు పెట్టారు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. పాత కట్టడం, మందపాటి గోడలు, హాల్లో సిగ్నల్ ఒక గీత కూడా లేదు. జడ్జిగారు కళ్ళజోడు మీంచి చూశారు. సాక్షి కూడా మెడ చాచి చక్రాన్నే చూస్తున్నాడు. ఈలోగా గుమాస్తా వెనక నుంచి కాగితం అందించాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

జూనియర్: ఫైలు పేరు కనబడితే ఫైలు మన దగ్గరున్నట్టు కాదు సార్. అది ఎక్కడో సర్వరులో ఉంటుంది, ఇక్కడ చీటీ మాత్రమే ఉంటుంది. ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచమని ముందే నొక్కాలి. నేను ముందురోజు రాత్రి ఏరోప్లేన్ మోడ్ పెట్టి, మర్నాటి ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తాను. తెరుచుకోనిది కోర్టుకి తేను.

ఇక్కడ నేను ఉండబట్టలేకపోయాను. 2022 డిసెంబరులో మా ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారని, పాఠాలు ముందే అందులో ఎక్కించి ఉండటంతో నెట్ లేని ఊళ్ళో కూడా తెరుచుకునేవని, పిల్లలు నాకంటే ముందే... ‘మాస్టారూ’ అన్నారు సీనియరు గారు. ఆగాను.

సీనియర్: సరే, చట్టాల సంగతికి రా. నా దగ్గర బేర్ యాక్టుల యాప్‌లు అయిదున్నాయి. ఇవి కూడా తప్పేనా?

జూనియర్: ఒకటి తెరిచి 420 కొట్టండి.

సీనియర్: చీటింగ్. ఇదిగో.

జూనియర్: 2024 జులై 1 నుంచి జరిగిన నేరానికి కొత్త చట్టంలో అది 318(4). హత్య 302 కాదు, 103. అయిదు యాప్‌లలో మూడింటికి ఆ సంగతి ఇంకా తెలీదు. స్టోరులో దాని పేజీ కిందికి వెళ్తే చివరిసారి ఎప్పుడు దిద్దారో తేదీ ఉంటుంది. ఈ రెండింటికి 2021, దీనికి 2022. ఎన్ని చుక్కలున్నాయో చూస్తారు కానీ ఆ తేదీ ఎవరూ చూడరు.

సీనియర్: అలాగని పాతది పారేస్తావా? 2024 జూన్ 30 రాత్రి పదకొండింటికి పొడిచినవాడికి ఇవాళ్టికీ ఐపీసీయే. ఇంకా ఎన్నేళ్ళు నడుస్తాయో ఆ కేసులు! 511 సెక్షన్ల పాతదీ కావాలి, 358 సెక్షన్ల కొత్తదీ కావాలి.

జూనియర్: కావాలి. పాతది దాచుకోండి, కానీ పాతదని తెలిసి దాచుకోండి. నేనైతే ఈ రెంటికీ యాప్ పెట్టుకోలేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఇండియా కోడ్ సైటు నుంచి దించుకున్న పీడీఎఫ్‌లు ఆ చదివే యాప్‌లోనే ఉన్నాయి. వాయిదాలకి మాత్రం ఈకోర్ట్స్ వాళ్ళ యాప్. కేసుకి ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వస్తాయి.

ఈ మాట అంటుండగానే గుమాస్తా లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుగా సీనియరు గారి దగ్గరే ఉన్నాడు. చంకలో ఎర్ర అట్ట డైరీ, చేతిలో ఫోను.

గుమాస్తా: ఆ యాప్ మంచిదేనమ్మగారూ. కానీ బెంచి క్లర్కు నోటితో వాయిదా చెప్పింది మధ్యాహ్నం, అందులో ఎక్కేది సాయంత్రమో, మర్నాడో. ఆ మధ్యలో పార్టీ అడిగితే ఏం చెప్పాలి? నేను ముందు ఇందులో రాస్తాను. రాత్రి దాంట్లో చూసి టిక్కు పెడతాను.

జూనియర్: అదే సరైన పద్ధతి.

సీనియర్: అంటే డైరీ గెలిచిందా?

గుమాస్తా: గెలవడాలేముందండీ. ఇది చూడండయ్యా ముందు, డీటీపీ షాపు వాడు అగ్రిమెంటు డ్రాఫ్టు పంపాడు.

ఫోనులో వచ్చిన ఫైలు ఐప్యాడ్‌లో తెరిస్తే తెలుగు ముక్క లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఎవరో కీబోర్డు మీద కూర్చున్నట్టుంది.

జూనియర్: అను ఫాంట్లలో కొట్టాడు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తప్ప ఇంకెక్కడ తెరిచినా ఇంతే. పీడీఎఫ్ చేసి పంపమనండి, చదవడానికి వస్తుంది. దిద్దాలంటే మాత్రం యూనికోడ్‌లోకి మార్చాలి. తెలుగులో పని చేసేవాళ్ళు ఏ రాత యాప్ కొనే ముందయినా సరే, ఒక పేరా తెలుగు రాసి, పీడీఎఫ్ తీసి చూడాలి సార్. రాసేటప్పుడు బాగానే ఉంటుంది, బయటికి వచ్చేసరికి వత్తులు ఊడిపోతాయి. ‘స్వాధీనం’లో వత్తు పోతే మన కేసే పోతుంది.

సీనియర్: నేను టైపు చెయ్యను, చెబుతాను. 2017లోనే గూగుల్ తెలుగు మాటని అక్షరాల్లోకి మార్చడం తెచ్చింది. నలభై ఏళ్ళు స్టెనోకి చెప్పిన నోరు ఇది. చూడు: ‘సదరు ఆస్తిపై నాకు గల సర్వ హక్కుభుక్తములు’...

తెర మీద ‘సదరు ఆస్తిపై నాకు గల సర్వ హక్కు ముక్తములు’ అని పడింది. గుమాస్తా ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అయినా మొదటి డ్రాఫ్టు అరగంటలో అవుతోందని, దిద్దడానికి పది నిమిషాలు చాలని సీనియరు గారు గట్టిగా వాదించారు. ఈ విషయంలో నా ఓటు ఆయనకే. రెండు వేళ్ళతో తెలుగు కొట్టే బాధ నేనెరుగుదును.

సీనియర్: స్కాన్ యాప్ మాటేంటి మరి? ఇవి మూడున్నాయి.

జూనియర్: మూడూ తీసేయండి. మీ ఐప్యాడ్‌లో నోట్స్ అని వచ్చేదాంట్లోనే స్కానరుంది. నా దాంట్లో గూగుల్ డ్రైవ్‌లో ఉంది. కొత్తది వెతికే ముందు ఉన్నదాంట్లో ఉందేమో చూడరు ఎవరూ. ఇంకో సంగతి. 2020 జూన్ 29 గుర్తుందా సార్?

సీనియర్: చైనా యాప్‌ల మీద నిషేధం.

జూనియర్: యాభై తొమ్మిది యాప్‌లు. టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడారు. ఆ లిస్టులో క్యామ్‌స్కానర్ కూడా ఉంది. అప్పటికి సగం మంది ప్లీడర్ల దస్తావేజులు అందులోనే ఉన్నాయి. విడి పీడీఎఫ్‌లుగా బయట దాచుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. యాప్‌లోనే ఉంచినవాళ్ళు పరుగులు పెట్టారు. నిషేధమే అక్కర్లేదు. వండర్‌లిస్ట్ అనే పనుల చిట్టా యాప్‌ని మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మేలో మూసేసింది. ఎవర్‌నోట్‌లో జీవితమంతా రాసుకున్నవాళ్ళున్నారు. 2023 డిసెంబరులో ఉచితంగా వాడేవాళ్ళకి యాభై నోట్సే అని గిరి గీసింది. అందుకే ఇంట్లోకి వెళ్ళే ముందు నేను పెరటి తలుపు ఎక్కడుందో చూస్తాను. ఇందులో పెట్టింది రేపు ఏ రూపంలో బయటికి వస్తుంది, అది ఇంకొకరు తెరవగలరా? అంతే నేను అడిగేది.

సీనియర్: డబ్బు పోయిన సంగతి కూడా అడుగు. ఏడు రోజులు ఉచితం అన్నాడు ఒకడు. ఎనిమిదో రోజు ఏడాది చందా యూపీఐ ఆటోపేలో పోయింది. పిన్ను కూడా అడగలేదు.

జూనియర్: రూ. 15,000 లోపయితే ప్రతిసారీ అడగరు. ముందురోజు మెసేజీ వచ్చే ఉంటుంది.

సీనియర్: వచ్చింది. లోను ఇస్తామనే మెసేజీల మధ్యలో.

తీర్పులు వెతికిపెట్టే ఏఐ యాప్ ఒకటి ఆయన దగ్గరుంది. దాని మీద వాదన ఎక్కువసేపు సాగలేదు. 2023లో న్యూయార్క్‌లో ఇలాంటిది పుట్టించిన లేని తీర్పులు కోర్టుకిచ్చినందుకు లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడిందని ఆమె అంది. అది చెప్పిన ప్రతి సైటేషనూ సుప్రీంకోర్టు ఉచితంగా పెట్టిన ఈ-ఎస్సీఆర్‌లో చూడందే నోటెత్తనని ఆయన అన్నారు. కక్షిదారు చెప్పిన రహస్యాలు మాత్రం అందులో పొయ్యొద్దని ఆమె, పొయ్యనని ఆయన. కక్షిదారుగా నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

జూనియర్: ఇక మిగిలింది మీరు ప్రాణంగా చూసుకునే ఆ చేతిరాత యాప్.

సీనియర్: దాని జోలికి రాకు. పెన్నుతో రాస్తుంటే కాగితం మీద రాసినట్టే ఉంటుంది. ఆరు నెలల నోట్సు ఉంది అందులో, ప్రతి కేసుదీ.

జూనియర్: నేనేమీ అనను. పెరటి తలుపు తెరిచి చూపించండి.

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, మూడు చోట్ల నొక్కి, ఒకచోట వెనక్కొచ్చి, మళ్ళీ నొక్కారు. చిన్న గీత నిండుతూ వచ్చింది. 186 పేజీల పీడీఎఫ్ బయటపడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

సీనియర్: తీర్పు నాకు అనుకూలమేనా?

జూనియర్: ఖర్చులతో సహా. ఇప్పుడు ఇందులో మాస్టారి కేసు నోట్సు వెతకండి. ‘గట్టు’ అని కొట్టండి.

కొట్టారు. ఏమీ దొరకలేదు. ‘సరిహద్దు’ కొట్టారు. అదీ లేదు. ఆయన తెలుగు దస్తూరీ ఆ యాప్ కంటికి గీతలే. చివరికి వేలితో ఒక్కో పేజీ తోసుకుంటూ వెళ్ళి, నా పేరున్న పేజీ పట్టుకున్నారు. పట్టుకుని ఆగిపోయారు.

సీనియర్: ఇది ‘తాడి’నా, ‘తోట’నా?

జూనియర్: ‘తాళం’ లాగా ఉంది సార్.

నేను కూడా వంగి చూశాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లల దస్తూరీలు దిద్దినవాణ్ణి, నావల్ల కూడా కాలేదు. గుమాస్తా డైరీ బల్ల మీద పెట్టి, ఐప్యాడ్ తన వైపు తిప్పుకున్నాడు. గడగడా చదివాడు.

గుమాస్తా: ‘రెండో సాక్షి గట్టు మీద తాడిచెట్టు అన్నాడు, దస్తావేజులో వేపచెట్టు. జాగ్రత్త.’ కింద ఇంకా ఉందండీ. ‘వాది మాస్టారు. మంచి మనిషి. మాట్లాడటం ఎక్కువ. క్రాస్‌లో అడగనివి కూడా చెప్పాడు. మళ్ళీ బోను ఎక్కించ...’

చదవడం అక్కడ ఆపాడు. జూనియరు తన ట్యాబు వైపు తల దించుకుంది. సీనియరు గారు ఫ్యాను వైపు చూశారు.

బయట బంట్రోతు మా నంబరు పిలిచాడు. సీనియరు గారు ఐప్యాడ్ చంకలో పెట్టుకున్నారు. గుమాస్తా కాగితాల కట్ట ఎత్తుకున్నాడు. చెట్టు వేపచెట్టేనని, మా నాన్న నాటిందేనని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏమీ అనకుండా వాళ్ళ వెనకే నడిచాను.